పద్నాలుగో గుంత

మక్తల్ల మా టాకీస్‌కు ఆ వారం
గోల్ఫ్ బొమ్మ వచ్చింది.
డబ్బింగ్ బొమ్మ. డిస్ట్రిబ్యూటర్ అంటగట్టిండు.
మ్యాట్నీకి పదకొండు మంది.
ఎండకు తాళలేక వచ్చినోళ్లు నలుగురు,
నారాయణపేట బస్సు తప్పినోళ్లు ఇద్దరు,
మిగిలినోళ్లు నిద్రకొచ్చిండ్రు.
ఆపరేటర్ రూములకెల్లి నాకు తలకాయలే కనవడ్తయి.
ముంగటి వరుసల ఒక్క తలకాయ
కొంగు కప్పుకొని, కదలకుండ.

తిప్పమ్మ.
పోస్టర్ మీద గడ్డి జూసి టికెట్ తీసుకున్నదంట.
"ఈ గడ్డి నాకెరికే" అన్నదంట బుకింగ్ పిలగానితోని.
వాడు నవ్వి చిల్లర ఇచ్చిండు.

బొమ్మల ఒక నల్లోళ్ల పిలగాడు,
దొరల కర్రల సంచి మోసెటోడు.
ఒక్కో కర్ర ఒక కోడెదూడ ఖరీదు.
క్లబ్బు ముందు తలుపుల వాడు అడుగువెట్టరాదు,
ఆడి నల్లా నీళ్లు తాగరాదు.
పొద్దు మునిగినంకనే మైదానం వానిది.
చీకట్ల కొడ్తడు.
బంతి యాడ వడ్డదో
చప్పుడు వట్టి ఎతుక్కుంటడు.

ఆడ తిప్పమ్మ లేచి నిలవడ్డది.
ఎనకనుంచి ఎవడో కసిరిండు.
కూసోలే.

ఇంటర్వెల్ల మోకాళ్లు వట్టుకుంట మెట్లెక్కొచ్చింది.
"ఆ చీకట్ల కొట్టేది మల్లొకపారి ఏస్తవా బిడ్డా?"
రీళ్ల కాలం పోయింది,
ఎనకకు తిప్పనీకె నా చేతుల లేదన్న.
"పోనీ తియ్" అని గడప మీద కూలవడ్డది.

"పట్నం అవతల గుట్టలు చదును జేసేటప్పుడు
మేస్త్రి మమ్ముల లారీల తోలుకపోయిండు.
చెరువులు తవ్వినోళ్లం, కాల్వలు తవ్వినోళ్లం,
బెత్తెడు గుంతకు కూలిస్తరంటె
పొట్ట వట్టుకొని నవ్వినం.
పద్నాలుగోది నేను తవ్విన.
చాపలోలె చుట్టి తెచ్చిన గడ్డి పరిచినం.
దూపయ్యి ఆ గడ్డికి పెట్టే పైపుకే నోరు వెట్టిన.
సూపర్‌వైజర్ ఉరికొచ్చి కడిగిపిచ్చిండు,
పైపును.

మా దాసు ఆడనే సంచులు మోసిండు ఆరేండ్లు.
ఒకనాడు మాపటిజాము, ఎవరూ లేరని,
ఒక్కటే దెబ్బ, నా గుంత దిక్కు.
బంతి ఎంత దూరం పోయిందో
ఇయ్యాల్టిదాంక ఎవరికి తెల్వదు.
వాచ్‌మన్ లైటేసిండు.
కర్ర గుంజుకొని, వాడు వట్టుకున్న కాడల్లా
గుడ్డతోని తుడిచిండ్రంట.
పేరడిగిండ్రు, ఊరడిగిండ్రు,
ఊర్ల ఏ వాడనో అడిగిండ్రు.
వాడ చెప్పినంక
తెల్లారి రావద్దన్నరు."

ఇప్పుడేం జేస్తడని అడిగిన.
"జేసీబీ నడుపుతడు.
గుంతలు మాకు తప్పుతయా?"

బెల్లు కొట్టిన. దిగిపోయింది.
చివరికి ఆ పిలగాడు గెల్సిండు.
తెర నిండ చప్పట్లు,
హాల్ల ఇద్దరు లేచి ఈలేసిండ్రు.
తిప్పమ్మ చేతులు ఒళ్లెనే ఉన్నయి.
బయట సైకిల్ స్టాండ్ కాడ అడిగిన,
"గెల్సిండు గద అవ్వా?"
"గెల్సిండు.
గుంతలు ఎవరు తవ్విండ్రో
ఒక్కతాన గూడ చూపియ్యలే."

గురువారందాంక రోజూ వచ్చింది,
మనుమరాలు శివలీలను చెయ్యి వట్టుకొని.
చీకట్ల కొట్టేది చూసి
ఇంటర్వెల్ల ఎల్లిపోతుండె.

శుక్రవారం బొమ్మ మారింది.
లోపట హీరో పదిమందిని ఇరగదంతున్నడు.
బయట గోడకు ఠప్పుమని ఏదో తగిలింది.
కిటికీలకెల్లి తొంగి జూస్తె
స్టాండ్ ఎనక శివలీల,
చిర్రగోనె కర్రను వంచి కట్టిన సొట్ట కట్టె,
కార్కు బంతి.
తిప్పమ్మ గడ్డపార పక్కకు వెట్టి
గుంతల చెంబు దించి కొలుస్తున్నది,
తల అడ్డంగ ఊపి
మల్లింత మన్ను తీస్తున్నది.

"ఏందిరా ఆ చప్పుడు?" అన్నడు ఓనరు.
స్పీకర్ పాతదైంది సార్ అన్న.

"స్టాండ్ల గుంత ఎవడు తవ్విండు,
బండ్లు దిగవడ్తయి, పూడ్చిపారెయ్" అన్నడు.
రేపు పూడుస్తనన్న.
అది
పోయిన నెల మాట.